గంట దూరం

విజయవాడకూ హైదరాబాదుకూ మధ్య దూరమెంత అని ఎవరైనా అడిగితే చటుక్కున జవాబు చెప్పడానికి నాకిప్పుడు ధైర్యం చాలదు. ఇదీ ఒక ప్రశ్నేనా, మూడో క్లాసు పిల్లవాడయినా చెబుతాడే అని మీరనవచ్చు. కొంతకాలం క్రితం దాకా నేనూ అల్లాగే అనుకునేవాణ్ణి.

ఒక శనివారం రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో మా అక్కయ్యగారింట్లో భోజనాల దగ్గర ఈ ప్రశ్న పుట్టింది. నేనూ, మా ఆవిడా, మా అమ్మాయీ ఆ సాయంత్రమే విజయవాడ నుంచి బస్సులో దిగాము. బయట వాన దంచి కొడుతున్నది. మా మేనల్లుడు చేతిలోని ఫోను చూసి, "250 కిలోమీటర్లకి మీకు ఆరు గంటలు పట్టిందా మావయ్యా?" అన్నాడు జాలిగా.

"250 కాదు, 275" అన్నారు బావగారు కంచంలోంచి తల ఎత్తకుండానే. ఆయనకు కారుంది. కారున్నవారికి కిలోమీటర్లు కంఠతా వస్తాయి.

నేను రైలు మనిషిని. "మీరిద్దరూ పొరబడ్డారు. 350. రైలు టిక్కెట్టు మీద అచ్చువేసి మరీ ఇస్తారు" అన్నాను.

అక్కయ్య పెరుగు గిన్నె కింద పెడుతూ, "మీ లెక్కలతో మీరు కొట్టుకోండి. విమానంలో గంట. అంతే!" అని తేల్చేసింది.

తీరా చూస్తే, మా నలుగురిలో ఎవరూ తప్పు చెప్పలేదు. అదే ఇందులో వున్న చిత్రం.

మేనల్లుడు చెప్పిన 250 పటం మీద రెండు ఊళ్ల మధ్యా దారం లాగి పట్టుకుంటే వచ్చే లెక్క. ఆ దారి వెంట నడిచినవాడు లేడు. బావగారి 275 రోడ్డు లెక్క. వెనకటికి 9వ నంబరు, ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి అది. ఇబ్రహీంపట్నం, కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట దాటి, కోదాడ, సూర్యాపేట, నకిరేకల్లు, చౌటుప్పల మీదుగా పోతుంది. ఇన్ని ఊళ్లను పలకరిస్తూ, మున్నేరునూ, పాలేరునూ, మూసీనీ దాటుతూ పోయి కూడా సూటి గీతకంటే పాతిక కిలోమీటర్లే ఎక్కువ నడిచిందంటే, ఆ రోడ్డు బుద్ధిమంతురాలనే చెప్పాలి.

నా రైలుకు మాత్రం ఆ బుద్ధి లేదు. హైదరాబాదు పోవలసింది వాయవ్యానికయితే అది ముందు ఉత్తరంగా ఖమ్మం, డోర్నకల్లు, వరంగల్లు చూసుకుని, కాజీపేట దాకా వెళ్లి అక్కడ పడమటికి తిరుగుతుంది. సికింద్రాబాదు చేరేసరికి 350 కిలోమీటర్లవుతుంది. 1889లో నిజాం రాజ్యపు రైలు బెజవాడ చేరినప్పుడు ఆ దారి నావంటి లెక్చరర్ల సౌకర్యం చూసి వేసినది కాదు. ఓరుగల్లు వంటి పాత పట్నం దారిలో వుండాలి, ఇల్లెందు ప్రాంతపు సింగరేణి బొగ్గు బండికెక్కాలి. బొగ్గు ఎటుంటే రైలు అటు వంగింది. తరవాత నల్లగొండ, గుంటూరుల మీదుగా మరో దారి పడ్డది కాని, నేను చిన్నప్పటి నుంచీ ఎక్కినది కాజీపేట దారే.

మన పెద్దలకు ఈ తగవే లేదు. ఆమడ అన్నారు, కోసు అన్నారు. ఎనిమిది మైళ్లు ఒక ఆమడ అనుకుంటే హైదరాబాదు మనకు ఇరవయ్యొక్క ఆమడ. ఆమడ కూడా ఎక్కువనిపించిన చోట కూతవేటు దూరం అన్నారు; ఒకడు గట్టిగా కేకవేస్తే రెండోవాడికి వినబడేటంత. మా తాతగారు కాలవగట్టున నడిచేటప్పుడు పక్క ఊరు రెండు చుట్టల దూరమనేవారు. రెండు చుట్టలు కాలేలోగా ఊరు వచ్చేదిట. మా నాయనమ్మ బందరు కాలవ మీద పడవలో కాపరానికి వచ్చిన మనిషి. ఆవిడ ఆ ప్రయాణాన్ని మైళ్లలో చెప్పేది కాదు, లాకుల లెక్కన చెప్పేది. ఎన్ని లాకులు దాటితే అంత దూరం. ఆ కొలతలన్నిటిలోనూ మనిషి వున్నాడు, వాడి కాళ్లున్నాయి, గొంతు వుంది, ఓపిక వుంది. కిలోమీటరు వచ్చాక వాణ్ణి తీసేసి రాయిని పెట్టారు.

"మరి నేను చెప్పినది?" అన్నది అక్కయ్య, ఈ ఉపన్యాసమంతా ఓపికగా విని.

విమానం లెక్కే అన్నిటిలోకీ తమాషా అయినది. ఆకాశంలో అడ్డేముంది, సూటిగా పోతుందనుకుంటాం. కాళిదాసు మేఘానికే ఆ సుఖం లేదు. దారికి కొంచెం ఎడమయినా సరే, ఉజ్జయినికి వెళ్లి చూసి మరీ పొమ్మంటాడు యక్షుడు. మనకు ఉజ్జయిని లేదు కాని గన్నవరం వుంది. హైదరాబాదు విజయవాడకు పడమటి దిక్కున వుంటే, గన్నవరం విమానాశ్రయం తూర్పున 20 కిలోమీటర్లు. అంటే హైదరాబాదు పోదలచుకున్నవాడు ముందు హైదరాబాదుకు వీపు పెట్టి, ఏలూరు రోడ్డున పడి 20 కిలోమీటర్లు వెనక్కి పోవాలి. అక్కడ విమానమెక్కితే అది మళ్లీ ఊరి పక్కనుంచే పడమటికి వస్తుంది. ఆ చివరనయినా ఊళ్లో దింపుతుందా? 2008కి ముందు బేగంపేటలో దిగేవాళ్లం; అది ఊరి నడుమ. ఇప్పుడు శంషాబాదు. అది నగరానికి నైరుతిన అవతలి కొస. అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ రావాలంటే పాతిక కిలోమీటర్ల పైమాటే. ఇటు ఊరికి అటు పక్కా, అటు ఊరికి ఇంకో పక్కా వుండడంచేత రెండు ఊళ్ల మధ్య 250 కిలోమీటర్లయితే, రెండు విమానాశ్రయాల మధ్య సుమారు 264! మొత్తం కూడితే 310కి తగ్గదు. ఆకాశమార్గం కంటే రోడ్డే దగ్గర.

ఇక గంట మాట. విమానం గాలిలో వుండేది గంటే, కాదనను. కాని ఇంటి దగ్గర తాళం వేసిన దగ్గరనుంచీ ఎదటి ఇంటి తలుపు తట్టేదాకా లెక్కవేయండి. గన్నవరం చేరడానికి ముప్పావుగంట, గంటన్నర ముందుగా వెళ్లి కూర్చోవడం, ఎగిరే గంట, దిగి పెట్టె కోసం నిలబడడం, శంషాబాదు నుంచి గంట. నాలుగున్నర, అయిదు గంటలు దాటుతుంది. బస్సు కూడా వాన లేకపోతే అయిదున్నరకు తెస్తుంది.

ఈ లెక్క పూర్తిచేసి నేను విజయగర్వంతో అక్కయ్య వైపు చూశాను. అక్కయ్య నవ్వలేదు.

"నీ లెక్క నాకెందుకురా తమ్ముడూ? అమ్మకి ఏదయినా అయితే గంటలో వచ్చేస్తాననుకుంటాను. అది దూరం కాదు, నా ధైర్యం. దాన్ని కూడా కూడికలు చేసి పాడు చెయ్యకు" అన్నది.

నేను నోరు మూసుకున్నాను. ఎందుకంటే ఆ ధైర్యం మీద నేనూ బతుకుతున్నవాణ్ణే. మా వైపు మధ్యతరగతి ఇళ్లలో పిల్లల్ని గురించి అడిగి చూడండి. హైదరాబాదయితే గంట, బెంగుళూరయితే గంటన్నర, అమెరికా అయితే ఒక రోజు అంటారు. ఎవరూ కిలోమీటర్లలో చెప్పరు. గంటల్లో చెబితే అది దూరంలాగా వినపడదు. అక్కయ్య పదిహేనేళ్లుగా మా అమ్మకు ఆ మాటే చెబుతున్నది. "మా దగ్గరికి వచ్చి వుండరాదే, గంట ప్రయాణమేగా" అంటుంది. దానికి అమ్మ జవాబు ఒక్కటే: "గంటేగా, నువ్వే రా!"

ఆ రాత్రి అమ్మ విజయవాడలో ఒక్కతే వుంది. సింగ్‌నగర్ ఫ్లైఓవరు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి వెళితే మా ఇల్లు. కింద మేము, పైన అద్దెకున్నవారు. అమ్మని కూడా రమ్మన్నాం. సోమవారం పోలాల అమావాస్య గనక తను కదలనన్నది. అమావాస్యకు కంద మొక్క పెట్టి, పిల్లల క్షేమం కోసం పూజచేసి, తోరాలు కట్టడం ఆవిడకు ఏటా తప్పని పని. కంద మొక్క అప్పటికే రైతుబజారు నుంచి తెచ్చి గుమ్మంలో పెట్టుకుంది. "మీరు వెళ్లిరండి. ఒక్కరోజులో నేనేం పోతాను?" అన్నది. మేమూ అంతే అనుకున్నాం.

ఆ శనివారం తేదీ 2024 ఆగస్టు 31.

ఆదివారం తెల్లవారుతూండగానే అమ్మ ఫోను చేసింది. "వీథిలోకి నీళ్లొచ్చాయిరా. రెండు మెట్లు మునిగాయి" అన్నది, పాలవాడు రాలేదన్నట్టుగా. పది గంటలకు మళ్లీ చేసింది, వంటింట్లోకి వచ్చాయి. మధ్యాహ్నానికి పై వాటా కుర్రవాడు తనని మేడమీదికి తీసుకువెళ్లాడని చెప్పింది. "చార్జింగు అయిపోతోందిట, కంగారుపడకండి" అన్నది. తరవాత ఆ నంబరు పలకలేదు.

బుడమేరును గురించి విజయవాడ వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. బెజవాడ కన్నీరని దానికి పేరు. మామూలు రోజుల్లో దాన్ని చూస్తే మురుక్కాలవ అనుకుంటారు. ఎగువన కురిసిన వానకు కొండపల్లి వైపు దాని మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. కృష్ణకు పోవలసిన నీరు ఊరి మీద పడ్డది. రైలుకట్టకు ఉత్తరాన వున్న సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట అంతా చెరువయింది.

బావగారూ నేనూ బస్సుల కోసం బయలుదేరాం. విజయవాడ బస్సులు లేవన్నారు. నందిగామ దగ్గర ఐతవరంలో మున్నేరు నీళ్లు రోడ్డెక్కాయి. అంతకు ముందు ఏడు 2023 జూలైలోనూ అక్కడే ఎక్కాయి. కోదాడ దగ్గర కూడా దారి తెగింది. పోనీ నా రైలు వుందిగదా అంటే, కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడుతున్నాయి. ముందునాటి రాత్రి భోజనాల దగ్గర మేమంత గట్టిగా వాదించుకున్న 275 ఇప్పుడు లేదు. 350 కూడా లేదు. నార్కెట్‌పల్లి దగ్గర దిగువకు తిరిగి, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరుల మీదుగా చుట్టు తిరిగి వెళ్లే దారి ఒకటుంది. ఆ వానలో, చీకట్లో, కారులో ఆ దారిన పోవడం బావగారికి కూడా ధైర్యం చాలలేదు.

మిగిలినది అక్కయ్య చెప్పిన గంట ఒక్కటే.

సోమవారం మధ్యాహ్నపు విమానంలో ఒకే ఒక్క సీటు దొరికింది. అక్కయ్య తనే వెళతానన్నది. నీళ్లలో దిగవలసివస్తే ఎల్లాగని బావగారు ఆపారు. అమ్మ రక్తపుపోటు మాత్రలు, రొట్టె, టార్చిలైటు, ఫోనుకు చార్జింగు పెట్టే డబ్బా అన్నీ ఒక సంచిలో సర్దింది. గుమ్మం దగ్గర సంచి నా చేతికిస్తూ, "గంటేగా" అన్నది. ఆ మాట తనని తనే అడుగుతున్నట్టుంది.

అది రెక్కల మీద పంకాలు తిరిగే చిన్న విమానం. నాకు కిటికీ పక్క సీటు. దారిపొడుగునా మబ్బులే. తీరా దిగబోయే ముందు మబ్బు విడిపోయింది, కింద కృష్ణ కనపడ్డది. నదిని చూశానని చెప్పడం సరికాదు. గట్లు వుండవలసిన చోట గట్లు కనపడలేదు. ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తేశారు. 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు ఆ రోజు దాని కిందనుంచి సముద్రానికి పోతున్నది. 1957లో బ్యారేజీ ప్రారంభమయిన తరవాత అంత నీరు ఎన్నడూ రాలేదు.

విమానం ఊరి ఉత్తరపు కొసమీదుగా తూర్పుకు సాగింది. కింద ఎర్రమట్టి రంగు నీళ్లు, నీళ్లలోనుంచి డాబాల కప్పులు, కప్పుల మీద చీమల్లాగా మనుషులు. నేను మా వీథి కోసం వెతికాను. వాటర్ ట్యాంకు ఒకటి కనపడ్డది. దానికి నాలుగు సందులవతల మా ఇల్లు. ఎత్తు ఒక కిలోమీటరు వుంటుందేమో, అంతకు మించదు. హైదరాబాదులో బయలుదేరిన తరవాత అమ్మకు నేను అంత దగ్గరగా వచ్చినది ఆ ఒక్క క్షణమే. ఆ తరవాత విమానం మా ఇంటిని దాటి 20 కిలోమీటర్లు అవతలికి తీసుకుపోయి గన్నవరంలో దింపింది. గడియారం చూశాను. అక్కయ్య మాట అక్షరాలా నిజం. సరిగ్గా గంట పట్టింది.

ఆటోలో రామవరప్పాడు దాకా వచ్చి, అక్కడినుంచి ఇంకో ఆటో, ఆ పైన నడక. సింగ్‌నగర్ ఫ్లైఓవరు ఎక్కేసరికి సాయంత్రం అయిదున్నర. వంతెనకు అవతలి వాలు నీళ్లలో మునిగిపోయి వుంది. మా ఇంటికి ఇక రెండు కిలోమీటర్లు.

ఆ వంతెన మీద నేను చూసినది ఎల్లా చెప్పను? ఒకడు తల్లిని వీపున మోసుకుంటూ వస్తున్నాడు. ఒక ఆవిడ ప్లాస్టిక్ టబ్బులో పసిబిడ్డను పెట్టుకుని పట్టుకున్నది. పడవలు లోపలినుంచి మనుషుల్ని తెచ్చి దింపి, పాలూ నీళ్లూ పొట్లాలూ ఎక్కించుకుని వెంటనే తిరిగిపోతున్నాయి. వరస చూస్తున్నతని దగ్గరికి వెళ్లి, మా అమ్మ లోపల వుందనీ, డెబ్బయి రెండేళ్లనీ, నేను హైదరాబాదు నుంచి వచ్చాననీ చెప్పాను. ఆ చివరి మాట ఎందుకు చెప్పానో నాకే తెలియదు. అంతదూరం నుంచి వచ్చినందుకు చోటివ్వాలని కాబోలు.

అతను కసురుకోలేదు. "అందరి అమ్మలూ అక్కడే వున్నారండీ. లోపలివాళ్లని బయటికి తేవడానికే పడవలు చాలడంలేదు. బయటివాళ్లని లోపలికెట్టా తీసుకెళ్లను?" అన్నాడు.

మారు మాట్లాడడానికి నా దగ్గర ఏముంది? చీకటిపడ్డాక సత్యనారాయణపురంలో ఒక మిత్రుడింటికి వెళ్లి పడుకున్నాను. అక్కయ్య ఫోను చేసి, "చేరావా?" అన్నది.

"ఊరు చేరాను. ఇల్లు చేరలేదు" అన్నాను.

మర్నాడు తెల్లవారి మళ్లీ వంతెన దగ్గరికి వచ్చాను. పాల పొట్లాలతో ఒక పడవ బయలుదేరబోతున్నది. పడవ నడిపేవాడు దివిసీమ మనిషి. అతనికి నీళ్లు తెలుసును గాని సందులు తెలియవు. వీథుల పేర్లు రాసిన బోర్డులన్నీ నీటి కింద వున్నాయి. దారి చెప్పేవారు ఒకరు కావాలన్నారు. ఇరవై ఏళ్ల బోధనలో నాకు అంత గౌరవప్రదమైన ఉద్యోగం ఎప్పుడూ దొరకలేదు. ఎక్కి కూర్చున్నాను.

"ఎంత దూరమండీ మీ ఇల్లు?" అన్నాడతను గెడ వేస్తూ.

"రెండు కిలోమీటర్లు."

"నీళ్ల మీద కిలోమీటర్లేంటండీ! ఎన్ని సందులో చెప్పండి."

నాకు మా నాయనమ్మ లాకుల లెక్క జ్ఞాపకం వచ్చింది. "తొమ్మిది సందులు" అన్నాను.

మొదటి సందులోకి తిరగగానే నా లెక్క తప్పింది. ప్రతి ఇంటి మేడమీదనుంచీ చేతులు చాచారు. తాడు కట్టిన బక్కెట్లు దింపారు. పాల పొట్లాలు వేయాలి, నీళ్ల సీసాలు వేయాలి, "మా పక్కింట్లో ముసలాయన వున్నారండీ" అంటే అక్కడికి వెళ్లాలి. నాకు లోపల మనసు పరుగెత్తుతున్నది. త్వరగా పోనిమ్మని ఆ పడవాయనతో అనాలని నాలుగుసార్లు నోటిదాకా వచ్చింది. పడవ మా అమ్మ కోసం బయలుదేరలేదు గదా! పైగా బక్కెట్టు దింపిన ప్రతి మేడమీదా ఎవరి కొడుకో, కూతురో గంట దూరంలో వుండే వుంటారు. వాళ్ల అమ్మలకు పాలు ఇచ్చే చెయ్యి ఇప్పుడు నాది. అల్లాగే మా అమ్మకు కూడా ముందురోజు ఎవరో ఇచ్చి వుంటారు. ఆ ఆలోచన వచ్చాక నాకు కొంచెం నిబ్బరం కలిగింది.

ఆ రెండు కిలోమీటర్లకూ నాలుగున్నర గంటలు పట్టింది. హైదరాబాదు నుంచి కారులో 275 కిలోమీటర్లు రావడానికి పట్టేంతసేపు.

మా సందు మొగ దగ్గర చెట్టొకటి అడ్డంగా పడి పడవ ఆగిపోయింది. అక్కడినుంచి మా ఇల్లు కనపడదు. ఏం చెయ్యాలో తోచలేదు. లేచి నిలబడి, "అమ్మా!" అని కేకవేశాను. తరగతిలో వెనక బల్లవాళ్లకు వినపడేలా ఇరవై ఏళ్లుగా అరిచిన గొంతు అది, కాని ఆ పూట అది లెక్చరరు గొంతులాగా లేదు.

"ఒరేయ్! ఇక్కడ!" అని జవాబు వచ్చింది.

ఇంకా మనిషి కనపడలేదు. అయినా నేను ఇల్లు చేరింది అప్పుడే. కూతవేటు అన్న మాటను పిల్లలకు ఎన్నోసార్లు అర్థం చెప్పాను. నాకు అర్థమయింది ఆ రోజు.

చెట్టు పక్కకు నెట్టి పడవ లోపలికి వెళ్లింది. మేడమెట్ల మీద అమ్మ నిలబడి వుంది. మనిషి నలిగింది గాని నిబ్బరంగానే వుంది. కింద టీవీ పోయింది, బట్టలు పోయాయి, నా పుస్తకాలూ, డిగ్రీ కాగితాలూ బీరువాతో సహా నానిపోయాయి. నీళ్లు మోకాళ్లదాకా వచ్చినప్పుడు ఆవిడ పైకి తెచ్చుకున్నవి రెండు: మా నాన్నగారి ఫొటో, కంద మొక్క. సోమవారం నాడు పై వాటావాళ్ల వరండాలో మొక్క పెట్టి పూజచేసిందిట. ప్రతిసారీ పిల్లలిద్దరి పేర గారెలూ, బూరెలూ వండే మనిషి, ఈసారి ఇద్దరికీ కలిపి ఒక బెల్లం ముక్క నైవేద్యం పెట్టిందిట.

"అక్కయ్య రాలేదేం? గంటేగా!" అన్నది.

వేళాకోళమో, నిష్ఠూరమో ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను. "ఒక్కటే సీటు దొరికిందమ్మా" అన్నాను.

"పోనీలే. రాత్రంతా అది నిద్రపోయి వుండదు. ముందు దానికి ఫోను చెయ్యి" అని, పసుపు తోరం నా చేతికి కట్టింది. రెండో తోరం ఖాళీ పాల పొట్లంలో పెట్టి మడిచి ఇచ్చింది, తడవకుండా అక్కయ్యకు చేర్చమని.

తిరుగు పడవలో పై వాటా అమ్మాయినీ, ఆమె పసిబిడ్డనూ పంపించాం. పడవాయన మమ్మల్ని కూడా ఎక్కమన్నాడు గాని, పక్క ఇంటి ముసలాయనను చూసి అమ్మే ఆగిపోయింది. మేము గురువారం బయటపడ్డాం.

శనివారం వినాయకచవితి. అప్పటికి రోడ్డు బాగయింది. అమ్మను బస్సులో హైదరాబాదు తీసుకుపోయాను. ఐతవరం దగ్గర చెట్ల మొదళ్లకు వరద బురద ఇంకా ఆరలేదు. అమ్మ కిటికీలోంచి ప్రతి ఊరి పేరూ చదువుకుంటూ కూర్చుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేసరికి, "చాలా దూరంరా. ఇంత దూరమని మీరెవరూ చెప్పలేదు" అన్నది. అక్కయ్య గుమ్మంలోనే చెయ్యి చాచింది. అమ్మ తోరం కట్టింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. బావగారు లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చారు.

అమ్మ అక్కడ నెలరోజులుంది. ఇల్లు కడిగించి, సున్నం కొట్టించాక తిరిగి వచ్చేసింది. అక్కయ్య ఆపలేదు. కాని అప్పటినుంచీ ఆవిడ నోటి వెంట గంట అన్న మాట నేను వినలేదు. రెండు నెలలకొకసారయినా వచ్చి నాలుగు రోజులుండి వెళుతున్నది. దూరం ఏమీ తగ్గలేదు. 250, 275, 350 ఎక్కడివక్కడే వున్నాయి. ఇదివరకు ఆపద వస్తే రావచ్చునని దాచుకున్న ప్రయాణాన్ని ఇప్పుడు ఏ ఆపదా లేకుండానే ఖర్చు పెడుతున్నది, అంతే తేడా.

2025లో పోలాల అమావాస్యకు రెండు రోజులు ముందే అక్కయ్య వచ్చింది. బస్టాండుకు ఎదురు వెళ్లాను. ఆరు గంటల ప్రయాణానికి నడుము పట్టేసి, మెల్లగా దిగింది.

"విమానంలో రాకపోయావా?" అన్నాను.

"ఎందుకూ, అమ్మ నెత్తి మీదుగా దాటిపోయి గన్నవరంలో దిగడానికా? నువ్వే చెప్పావుగా!" అని సంచి నా చేతికిచ్చింది. సంచిలో కంద మొక్క వుంది.